గోల్డ్‌ఫిష్‌కి మన ఎండ పడదు

అక్వేరియం షాపుకి వెళ్లి "మాకేమీ తెలియదండీ, సులువుగా బతికే చేప ఏదైనా ఇవ్వండి" అంటే చాలాచోట్ల చేతిలో పెట్టేది ఒక గుండ్రటి గాజు బౌల్, కవర్లో రెండు గోల్డ్‌ఫిష్‌లు, చిన్న మేత డబ్బా. మన వాతావరణంలో ఇంతకంటే కష్టమైన సెట్ వెతికినా దొరకదు. విజయవాడలోనో రామగుండంలోనో ఉంటూ, ఇంట్లో ఏసీ రోజంతా నడవని వాళ్లు మొదటిసారి చేపలు పెంచాలనుకుంటే గోల్డ్‌ఫిష్ జోలికి పోకుండా గప్పీలో మోలీలో తెచ్చుకోవడం మేలని నా అభిప్రాయం. చాలామంది దీనికి సరిగ్గా తలకిందులుగా చెబుతారని తెలుసు, అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

గోల్డ్‌ఫిష్ సులువు అన్న మాట చలి దేశాల్లో పుట్టింది. వెయ్యేళ్ల కిందట చైనాలో, చెరువుల్లో పెరిగే మామూలు బూడిద రంగు చేపల మధ్య అప్పుడప్పుడూ పుట్టే ఎర్రటి, పసుప్పచ్చటి వాటిని ఏరి విడిగా పెంచుతూ పోతే వచ్చిందీ చేప. 17వ శతాబ్దంలో యూరప్ చేరింది. అక్కడి ఇళ్లలో చలికాలం నీళ్లు పది డిగ్రీలకు పడిపోయినా దీనికి హీటర్ అక్కర్లేదు. అదే ఉష్ణమండలం నుంచి తెచ్చిన చేపలకైతే ఏడాది పొడవునా నీళ్లను 25 డిగ్రీల దగ్గర నిలబెట్టాలి, దానికి కరెంటు బిల్లు కట్టాలి. అందుకే వాళ్ల పుస్తకాల్లో గోల్డ్‌ఫిష్ మొదటి మెట్టు, ట్రాపికల్ చేపలు ఆ తర్వాతి మెట్టు. మనం ఆ సలహాని ఉన్నదున్నట్టు దించేసుకున్నాం. మనకి ఉచితంగా దొరికేది వేడి, డబ్బు పెట్టి కొనుక్కోవాల్సింది చల్లదనం అన్న సంగతి ఎవరికీ తట్టినట్టు లేదు.

గోల్డ్‌ఫిష్‌కి హాయిగా ఉండేది 18 నుంచి 22, 23 డిగ్రీల నీళ్లలో. 30 దాటగానే చచ్చిపోదు, మొండి ప్రాణం. కానీ మే నెలలో బయట 43 ఉన్నప్పుడు హాల్లో పెట్టిన ట్యాంకులో నీళ్లు 32, 33కి ఎక్కేస్తాయి, రాత్రి కూడా పెద్దగా దిగవు. అప్పుడు చేపకి మూడు వైపుల నుంచి ఒకేసారి దెబ్బ పడుతుంది. 20 డిగ్రీల దగ్గర లీటరు మంచినీటిలో దాదాపు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరిగి ఉండగలదు, 30 దగ్గర అది ఏడున్నరకు పడిపోతుంది. ఇక చేప ఒంటి వేడి నీళ్ల వేడితో పాటే పెరుగుతుంది కదా, పది డిగ్రీలు పెరిగితే దాని ఒంట్లో జరిగే రసాయన చర్యల వేగం, దాంతోపాటు ఆక్సిజన్ అవసరం, ఇంచుమించు రెట్టింపవుతాయి. సరఫరా తగ్గే వేళకే గిరాకీ పెరుగుతుందన్నమాట. మూడోది అమ్మోనియా. అసలు కథ అక్కడే ఉంది, దానికి ముందు ఒక చిన్న ముచ్చట.

గోల్డ్‌ఫిష్ మొండితనానికి ఒక విచిత్రమైన కారణం ఉంది. చలికాలం చెరువు మీద మంచు గడ్డకట్టి, కింద నీళ్లలో ఆక్సిజన్ పూర్తిగా అయిపోయినా ఇది రోజుల తరబడి బతుకుతుంది. మనమైతే ఆక్సిజన్ లేకపోతే కండరాల్లో లాక్టిక్ ఆమ్లం పేరుకుపోతుంది, నిమిషాల్లోనే పోతాం. ఇది ఆ లాక్టిక్ ఆమ్లాన్ని ఆల్కహాల్‌గా మార్చి మొప్పల్లోంచి నీళ్లలోకి వదిలేస్తుంది. ఇలా మార్చే ఎంజైము దానికి ఎలా వచ్చిందో 2017లో ఓస్లో, లివర్‌పూల్ శాస్త్రవేత్తలు జన్యువుల స్థాయిలో వివరించారు. అంటే ఆక్సిజన్ లేని చలికాలం దాటడానికి ఇంట్లోనే సారాబట్టీ పెట్టుకున్న చేప. చలి నీళ్లలో ఒంటి ఖర్చు బాగా తక్కువ కాబట్టి ఆ బట్టీ రోజుల తరబడి నడుస్తుంది. మన మే నెలలో ఆ ఉపాయం దాన్ని గట్టెక్కించదు.

అమ్మోనియాకి వద్దాం. మేతలోని ప్రొటీన్ కరిగాక మిగిలే నైట్రోజన్‌ను చేప ఎక్కువగా మొప్పల ద్వారానే అమ్మోనియాగా నీళ్లలోకి వదులుతుంది. గోల్డ్‌ఫిష్‌కి కడుపు అనే సంచి లేదు, నోట్లోంచి తిన్నది నేరుగా పేగులోకే పోతుంది కాబట్టి రోజంతా మేత వెతుకుతూనే ఉంటుంది, మనకేమో ఆకలేస్తోంది కాబోలు అనిపించి ఇంకో చిటికెడు వేస్తాం. నీళ్లలో ఈ అమ్మోనియా రెండు రూపాల్లో ఉంటుంది. ఒకటి అమ్మోనియం అయాన్, దానివల్ల అంత నష్టం లేదు. రెండోది విడి అమ్మోనియా, ఇది మొప్పల్ని కాల్చేస్తుంది. ఏది ఎంత ఉంటుందన్నది నీటి పీహెచ్ (నీళ్లు ఆమ్లమా, క్షారమా చెప్పే కొలత, 7 నడిమధ్య) మీద, వేడి మీద ఆధారపడుతుంది. 25 డిగ్రీల దగ్గర పీహెచ్ 7 అయితే మొత్తంలో విషరూపం ఒక శాతం కూడా ఉండదు, అదే పీహెచ్ 8కి వెళితే ఐదు శాతం దాటుతుంది. పీహెచ్ 8 దగ్గరే ఉంచి నీళ్లను 20 నుంచి 30 డిగ్రీలకు వేడి చేస్తే విషరూపం దాదాపు రెట్టింపవుతుంది. బకెట్‌కి, గీజర్‌కి తెల్లటి పొర కట్టే మన బోరు నీళ్లు చాలాచోట్ల 7.5కి పైనే ఉంటాయి. జనవరిలో అదే చేప, అదే బౌల్, అదే మేత, ఏమీ కాలేదు. మేలో మూడో రోజుకి తేలిపోయింది. ఇంట్లో వాళ్లు దిష్టి తగిలిందంటారు.

కంటికి ఏం కనిపిస్తుందంటే, చేప పొద్దున్నే పైకి వచ్చి నోరు తెరిచి తెరిచి మూస్తూ ఉంటుంది, రెక్కలు ఒంటికి ముడుచుకుంటాయి, మొప్పలు మామూలుకంటే ఎర్రగా ఉబ్బినట్టుంటాయి. నీళ్లు మాత్రం అద్దంలా తేటగానే ఉంటాయి, చూస్తే ఏ లోపమూ తెలియదు. అందుకే ఒక అమ్మోనియా టెస్ట్ కిట్ కొనుక్కోవడం రంగురంగుల రాళ్లు కొనడం కంటే ముందు చేయాల్సిన ఖర్చు. చుక్కలు వేసి కాసేపు ఆగితే ట్యూబులో నీళ్లు పసుప్పచ్చగా ఉంటే సరే, ఆకుపచ్చకి తిరిగితే ఆ రోజు మేత మానేసి నీళ్లు మార్చాలి.

ఈ అమ్మోనియాని రోజూ తీసేసే పని ఫిల్టర్‌ది అని అందరూ అనుకుంటారు గానీ, చేసేది ఫిల్టర్ స్పాంజిలో కాపురం ఉండే బ్యాక్టీరియా. నైట్రోసోమోనాస్ లాంటివి అమ్మోనియాని నైట్రైట్‌గా మారుస్తాయి, నైట్రోస్పైరా దాన్ని నైట్రేట్‌గా మారుస్తుంది. మధ్యలో వచ్చే నైట్రైట్ కూడా తక్కువది కాదు, రక్తంలోకి చేరి ఆక్సిజన్ మోసే హిమోగ్లోబిన్‌ను పనికిరాకుండా చేస్తుంది, రక్తం గోధుమ రంగుకి మారుతుంది. ఆఖరున మిగిలే నైట్రేట్ మాత్రం కొంత మేర ఉన్నా చేప ఓర్చుకుంటుంది, వారానికోసారి పావువంతు నీళ్లు మారిస్తే సరిపోతుంది. ఈ రెండు పనులూ రెండు రకాల బ్యాక్టీరియా పంచుకుంటాయని వందేళ్లకు పైగా నమ్మారు. 2015లో ఒకే నైట్రోస్పైరా రెండు పనులూ చేయగలదని రెండు పరిశోధక బృందాలు బయటపెట్టాయి, అందులో ఒక బృందానికి అది దొరికింది చేపల పెంపకంలో వాడే ఫిల్టర్‌లోనే.

ఈ బ్యాక్టీరియా తగినంత పెరగడానికి నెల నుంచి ఆరు వారాలు పడుతుంది. కొత్త ట్యాంకులో మొదటి రెండు మూడు వారాల్లోనే చేపలు వరసపెట్టి పోవడానికి కారణం ఇదే. ఎవరింట్లోనైనా పాత ట్యాంకు నడుస్తుంటే వాళ్ల ఫిల్టర్ స్పాంజి ఒక ముక్క అడిగి తెచ్చి మీ ఫిల్టర్‌లో పెట్టుకుంటే ఆ కాలం బాగా తగ్గుతుంది. పిల్ల చేపల్ని ఇచ్చే బదులు మురికి స్పాంజి ఇవ్వమని అడిగితే కాస్త వింతగా చూస్తారు, చూడనివ్వండి. స్పాంజిని కుళాయి కింద సబ్బుపెట్టి తోమకండి. మున్సిపాలిటీ నీళ్లలోని క్లోరిన్‌కే అవి చచ్చిపోతాయి, ట్యాంకులోంచి తీసిన నీళ్లలో ముంచి రెండుసార్లు పిండితే చాలు. ఎండాకాలం కరెంటు కోతలు కూడా వీటికి ప్రమాదమే. వీటికీ ఆక్సిజన్ కావాలి కదా, గంటల తరబడి నీళ్లు కదలకపోతే మూసి ఉండే ఫిల్టర్లలో అవి ఊపిరాడక చస్తాయి. బ్యాటరీతో నడిచే చిన్న ఎయిర్ పంపు ఒకటి పక్కన పెట్టుకోండి.

గుండ్రటి బౌల్ గురించి ఎక్కువ చెప్పను. బ్యాక్టీరియాకి చోటు లేదు, నిండా పోస్తే పైన గాలి తగిలే వెడల్పు లేదు. లోపల పెరగాల్సిన చేపేమో సరిగ్గా చూస్తే అర అడుగు దాటుతుంది, పదేళ్లు దాటి బతుకుతుంది. ఇంగ్లండ్‌లో టిష్ అనే గోల్డ్‌ఫిష్ 1956 నుంచి 1999 దాకా 43 ఏళ్లు బతికి గిన్నిస్ రికార్డుకెక్కింది. ఒక్క ఫ్యాన్సీ (గుండ్రటి ఒళ్లు, పొడుగాటి తోక ఉండే రకం) గోల్డ్‌ఫిష్‌కి 70, 80 లీటర్ల నీళ్లు ఉండాలి. మూడడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగున్నర ఎత్తున్న ట్యాంకులో 125 లీటర్లు పడతాయి, అందులో ఒకటి హాయిగా, కాస్త ఇరుకైనా సరే అంటే రెండు, అంతే. ఆ ట్యాంకు బరువు నీళ్లతోనే 125 కిలోలు కాబట్టి టీవీ టేబుల్ మీద పెట్టే ఆలోచన మానుకోండి. ఈశాన్యం మూల మంచిదని కిటికీ పక్కన పెడితే ఎండ పడి వారానికల్లా గాజంతా పచ్చటి పాచి, నీళ్లు ఇంకా వేడి. వాస్తుని నమ్మేవాళ్లు కనీసం ఒక కర్టెన్ వేసుకోండి.

ఇప్పుడు ట్రాపికల్ చేపలు. ఇవన్నీ ఒకటే రకం అనుకోవద్దు. గప్పీలు, ప్లాటీలు, మోలీలు గట్టి నీళ్లని, అంటే లవణాలు ఎక్కువున్న నీళ్లని ఇష్టపడతాయి, 24 నుంచి 28 డిగ్రీలు వాటికి హాయి, మన బోరు నీళ్లు వాటికి పుట్టింటి నీళ్లలాగే ఉంటాయి. నియాన్ టెట్రాలు, డిస్కస్ అమెజాన్ ప్రాంతం నుంచి వచ్చినవి, అక్కడ ఆకులు నానిన మెత్తటి (లవణాలు తక్కువున్న), కాస్త ఆమ్లపు నీళ్లు. హైదరాబాద్ బోరు నీళ్లలో నియాన్లు వేసి చచ్చిపోతున్నాయని బాధపడే బదులు ఆర్‌ఓ నీళ్లు సగం కలపాలి, లేదా చేపని మార్చాలి, రెండోదే తేలిక. ఉత్త ఆర్‌ఓ నీళ్లు మాత్రం దేనికీ పనికిరావు, లవణాలు లేని నీళ్లలో పీహెచ్ నిలకడగా ఉండదు. షాపులో ఫైటర్ అని అమ్మే బెట్టా తల లోపల గాలి పీల్చే ప్రత్యేక అవయవం ఉంది, అందుకే నీళ్లలో ఆక్సిజన్ తగ్గినా తట్టుకుంటుంది. దాన్ని గ్లాసులో పెట్టి అమ్మేది కూడా ఆ ధైర్యంతోనే, కానీ అమ్మోనియాకి దాని మొప్పలూ అందరిలాగే కాలతాయి. అచ్చంగా మన దేశపు చేప కావాలంటే జీబ్రాఫిష్ ఉంది. గంగా పరీవాహక ప్రాంతంలో దొరికిన దాన్ని 1822లో హామిల్టన్ అనే ఆయన వర్ణించాడు, ఇప్పుడు హైదరాబాద్ సీసీఎంబీతో సహా ప్రపంచమంతటా ప్రయోగశాలల్లో ఈదుతోంది. హీటర్ అక్కర్లేదు, ఎండాకాలం కూడా మరీ ఇబ్బంది పడదు.

గోల్డ్‌ఫిష్‌ని, వీటిని ఒకే ట్యాంకులో కలపకండి. ఇద్దరికీ నచ్చే వేడి ఒకటి కాదు, పైగా నోట్లో పట్టే చేపని గోల్డ్‌ఫిష్ మింగేస్తుంది, టైగర్ బార్బులేమో దాని పొడుగాటి రెక్కల్ని పీకి తింటాయి. పాచి తింటుందని షాపువాళ్లు అంటగట్టే సక్కర్ చేప కూడా వద్దు, అడుగు దాటి పెరుగుతుంది. పెద్దదయ్యాక ఎవరో ఒకరు దాన్ని చెరువులో వదిలేస్తారు, మన చేపల రైతుల వలలు చింపే డెవిల్ ఫిష్ అదే.

ఇప్పటికే ఇంట్లో గోల్డ్‌ఫిష్ ఉన్నవాళ్లు మార్చి నుంచే జాగ్రత్త పడొచ్చు. ట్యాంకు పైమూత తీసి జాలీ వేసి, చిన్న టేబుల్ ఫ్యాన్ నీళ్ల మీదుగా గాలి తగిలేలా పెడితే నీళ్లు ఆవిరవుతూ రెండు మూడు డిగ్రీలు చల్లబడతాయి. తీరప్రాంతపు ఉక్కపోతలో ఇది అంతగా పనిచేయదు, తెలంగాణ పొడి ఎండలో బాగా పనిచేస్తుంది. ఆవిరైపోయిన మేర రోజూ నిల్వ నీళ్లు పోస్తూ ఉండాలి. మరీ తప్పకపోతే ఫ్రీజర్లో గడ్డకట్టిన నీళ్ల సీసాని మూత బిగించి ట్యాంకులో తేలనివ్వండి, కానీ ఒకేసారి రెండు డిగ్రీలకు మించి దించొద్దు, వేడి ఇట్టే పడి ఇట్టే లేస్తే ఒంటి మీద ఉప్పు చల్లినట్టు కనిపించే తెల్లమచ్చల రోగం తేలిగ్గా పట్టుకుంటుంది. మేత సగానికి తగ్గించండి. నీళ్లు 32 దాటిన రోజు అసలు వేయకపోయినా పర్వాలేదు, పెద్ద గోల్డ్‌ఫిష్ వారం పస్తున్నా ఏమీ కాదు.