సూది లేని రక్తహీనత పరీక్ష: అపోహలు, వాస్తవాలు

వేలికి క్లిప్పు పెడితే కాసేపట్లో హిమోగ్లోబిన్ అంకె చూపించే మిషన్లు స్కూళ్లలో, క్యాంపుల్లో కనిపిస్తున్నాయి. కొన్నయితే గోరునో, కనురెప్ప లోపలి వైపునో ఫొటో తీసి రంగును బట్టి అంచనా వేస్తాయి. పీహెచ్‌సీ డాక్టరుగా నాకివి ఇష్టమే. సూది చూసి పిల్లలు పారిపోరు, వాడిన సూదులు పారేసే తలనొప్పి ఉండదు. ఇబ్బందల్లా ఆ అంకె మీద జనం, ఒక్కోసారి మా స్టాఫ్ కూడా, పెట్టుకునే నమ్మకంతోనే.

అపోహ: ఇంట్లో ఉన్న పల్స్ ఆక్సీమీటర్ కూడా ఇదే చెబుతుంది.

చెప్పదు. కోవిడ్ రోజుల్లో కొన్న ఆక్సీమీటర్‌లో 98 చూసి "రక్తం బాగానే ఉంది" అనుకునేవాళ్లు చాలామంది. ఉన్న హిమోగ్లోబిన్‌లో ఎంత శాతం ఆక్సిజన్‌ను మోస్తోందో అది చెబుతుంది, హిమోగ్లోబిన్ ఎంత ఉందో కాదు. డెసిలీటరు (100 మి.లీ.) రక్తంలో హిమోగ్లోబిన్ 7 గ్రాములే ఉన్న గర్భిణికి కూడా 99 చూపించగలదు. అది పనిచేసేది రెండు రకాల కాంతితో. హిమోగ్లోబిన్ అంచనా వేసే క్లిప్పు మిషన్లకు అంతకంటే ఎక్కువ రకాల కాంతి కావాలి, లెక్క కట్టే పద్ధతీ వేరు.

అపోహ: మిషన్‌లో 12.3 వచ్చిందంటే రక్తహీనత లేనట్టే.

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది ఇదే. చాలామందిని కలిపి సగటు తీస్తే ఈ మిషన్ల తప్పు చిన్నదిగానే కనిపిస్తుంది. ఒక్కొక్కరి విషయానికి వస్తే ఒక గ్రాము అటూ ఇటూ మామూలే, కొందరిలో రెండు గ్రాములు కూడా. గర్భిణి కాని స్త్రీకి హద్దు 12. మిషన్ 12.3 చూపించినావిడకు అసలు 11 ఉండొచ్చు, 13.5 కూడా ఉండొచ్చు. దానికి తోడు చల్లటి వేళ్లు, గోళ్ల రంగు, ముదురు గోరింటాకు, చెయ్యి కదిలించే పిల్లలు. నల్లటి చర్మం మీద రీడింగ్ తేడా వచ్చే మిషన్లూ ఉన్నాయి.

అందుకే దీన్ని జల్లెడలా వాడాలి. హద్దును కాస్త పైకి జరిపి, దాని కింద వచ్చిన ప్రతి ఒక్కరికీ రక్తపరీక్ష చేయించాలి. కొందరు ఆరోగ్యవంతులు అనవసరంగా ల్యాబ్ దాకా వస్తారు, రానివ్వండి. ఎంత జరపాలనేది కంపెనీ బ్రోషర్ చూసి కాదు, మన జనంలోనే కొందరికి సిర నుంచి రక్తం తీసి పోల్చి చూసుకున్నాక తేల్చాలి.

అపోహ: వేలి చుక్కతో చేస్తే మాత్రం కచ్చితం.

అదీ అంత కచ్చితం కాదు. చుక్క రాలేదని వేలు గట్టిగా పిండితే రక్తంలో ఒంటినీరు కలుస్తుంది. స్ట్రిప్పులు ఎండకు, తేమకు పాడవుతాయి. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో వేలి, మడమ చుక్కతో చూస్తే 6 నెలల నుంచి 5 ఏళ్లలోపు పిల్లల్లో 58.6 శాతం మందికి రక్తహీనత ఉందన్నారు. 2016-18లో సిర రక్తంతో చేసిన సమగ్ర జాతీయ పోషకాహార సర్వేలో 1-4 ఏళ్ల పిల్లల్లో అది 41 శాతం. వయసుల్లో కొంచెం తేడా ఉన్నమాట నిజమే, కానీ రక్తం తీసిన పద్ధతిని పక్కన పెట్టి ఇంత అంతరాన్ని వివరించలేం. ఆ తర్వాత ఆరో విడత కుటుంబ ఆరోగ్య సర్వే నుంచి ఈ పరీక్షను తీసేశారు. సిర రక్తంతో కొలిచే పనిని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ సర్వేకు అప్పగించారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 మార్గదర్శకాలు కూడా సిర రక్తానికే ఓటేశాయి.

ఒక మనవి: రిజిస్టర్‌లో అంకె పక్కన ఏ పద్ధతిలో చూశారో కూడా రాయండి. లేకపోతే పోయినేడాది చుక్క లెక్కనీ ఈ ఏడాది క్లిప్పు లెక్కనీ పక్కపక్కన పెట్టి, రక్తహీనత తగ్గిందని రివ్యూ మీటింగులో చప్పట్లు కొట్టేస్తారు.

అపోహ: మిషన్ దాకా ఎందుకు, కనురెప్ప చూస్తే చాలదా?

బాగా పాలిపోయినవాళ్లు దొరుకుతారు. కొద్దిపాటి రక్తహీనత కంటికి దొరకదు.

అపోహ: ఐరన్ మాత్రలు పనిచేస్తున్నాయో లేదో నెలనెలా క్లిప్పుతో చూసుకోవచ్చు.

మాత్రలు సరిగ్గా వేసుకుంటే నెలకు కనీసం 1 గ్రాము పెరగాలని, పెరగకపోతే పెద్దాసుపత్రికి పంపాలని, రక్తహీనత తగ్గించే ప్రభుత్వ కార్యక్రమం అనీమియా ముక్త్ భారత్ నియమం. ఒక గ్రాము తప్పు చూపించే మిషన్‌తో ఒక గ్రాము పెరుగుదలను ఎలా పట్టుకుంటాం? ఆ పరీక్ష రక్తంతోనే చేయాలి.

అపోహ: రక్తం తక్కువంటే ఐరన్ తక్కువే.

చాలామందిలో ఐరన్ లోపమే, అందరిలో కాదు. బీ12 లోపం, తలసేమియా, నులిపురుగులు, మలేరియా, నెలసరిలో అధిక రక్తస్రావం... కారణాలు చాలా. పాడేరు, ఆదిలాబాద్ లాంటి ఏజెన్సీ ప్రాంతాల్లో సికిల్ సెల్‌ను (ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగిపోయే వంశపారంపర్య జబ్బు) తప్పక గుర్తుపెట్టుకోవాలి. దానికి రక్తం తీసి పరీక్ష చేయాల్సిందే, క్లిప్పు చెప్పలేదు.

ఆశా, ఏఎన్ఎం అక్కలకు చివరిగా ఒక మాట. గర్భిణికి 7 కంటే తక్కువ వస్తే వేళ్లు మార్చి మార్చి క్లిప్పు పెడుతూ కూర్చోవద్దు, ఆ రోజే డాక్టరు దగ్గరికి పంపండి. నాలుగడుగులకే ఆయాసపడుతూ పాలిపోయి ఉన్నావిడకు మిషన్ 11 చూపించినా సరే, పంపండి.