బార్లీ కొలతలో రెండు నగరాలు

చిరంజీవులకు అమ్మమ్మ ఆశీస్సులు.

పాతకాలపు గ్రీసు నగరాల్లో ఒకటైన స్పార్టాలో ఆడపిల్లలు పరుగులు తీసేవాళ్ళట, కుస్తీ పట్టేవాళ్ళట. ఇంకో నగరం ఏథెన్స్‌లో ఇల్లు దాటేవాళ్ళు కాదట. మరి ప్రజాస్వామ్యం ఉన్నది ఏథెన్స్‌లో కదా, ఇదేం తిరకాసు అని అడిగారు. మంచి ప్రశ్న. ఆడవాళ్ళ గురించి రాసిన పేజీల్లోనే వెతికితే దీనికి సగం జవాబే దొరుకుతుంది. మిగతా సగం సైన్యం లెక్కల్లో ఉంది. యుద్ధానికి ఎవరు వెళ్ళాలి, వెళ్ళినవాడికి తిండి ఎవరు పండించాలి, వాడు కట్టుకునే గుడ్డ ఎవరు నెయ్యాలి? ఈ మూడూ ఒక్కో ఊళ్ళో ఒక్కోలా కుదిరాయి. ఆడవాళ్ళ బతుకులు ఆ కుదురుబాటును బట్టే నడిచాయి.

ఒక కొలత గుర్తుపెట్టుకోండి: మెడిమ్నోస్. గ్రీకుల ధాన్యపు కొలత. ఏథెన్స్ లెక్కలో సుమారు 52 లీటర్లు. అందులో 48 ఖొయినిక్స్‌లు. ఒక ఖొయినిక్స్ అంటే లీటరుకు కాస్త ఎక్కువ, ఒక మనిషికి ఒక రోజు గింజలు.

ముందు స్పార్టా. అక్కడి పౌరుడు పొలం దున్నడు, చేతిపని చెయ్యడు, వ్యాపారం చెయ్యడు. ఏడేళ్ళకే తల్లి దగ్గర్నుంచి తీసుకెళ్ళి సామూహిక శిక్షణలో పెడతారు. పెద్దయ్యాక పదిహేను మంది దాకా ఉండే భోజన బృందంలో చేర్చుకుంటారు, రాత్రి భోజనం అక్కడే. ఆ బృందానికి నెలనెలా తన వంతు ఇవ్వాలి. గ్రీకు రచయిత ప్లూటార్క్ రాసిన లెక్క ఇది: ఒక మెడిమ్నోస్ బార్లీ పిండి, ఎనిమిది ఖోయెస్‌ల ద్రాక్షసారా అంటే పాతిక లీటర్ల పైమాట, అయిదు మినాల జున్ను, రెండున్నర మినాల అత్తిపళ్ళు, కూరకు కొద్దిపాటి డబ్బు. మినా అంటే అరకిలోకు కాస్త తక్కువ. ఈ వంతు ఇవ్వలేనివాడు పౌరుడిగా మిగలడు. యుద్ధంలో ఎంత ధైర్యం చూపినా సరే, బార్లీ లేకపోతే వోటు పోయినట్టే.

ఆ బార్లీ పండించింది హెలోట్లు. స్పార్టా చుట్టూ ఉన్న లకోనియాలోనూ, టైగెటస్ కొండలకు పడమరనున్న మెస్సీనియాలోనూ స్పార్టన్లు లొంగదీసుకుని భూమికి కట్టేసిన జనం వాళ్ళు. మెస్సీనియా వాళ్ళు పంటలో సగం యజమానులకు ఇచ్చుకోవలసి వచ్చేదని ఒక పాత స్పార్టా కవి చెప్పాడు. క్రీ.పూ. 479లో పారశీకుల మీద ప్లటేయా యుద్ధానికి 5,000 మంది స్పార్టా పౌరులు వెళితే, వాళ్ళ వెంట మనిషికి ఏడుగురు చొప్పున 35,000 మంది హెలోట్లు వెళ్ళారని గ్రీకు చరిత్రకారుడు హెరొడొటస్ లెక్క. యజమానుల కంటే పనివాళ్ళు అన్ని రెట్లు ఉన్నప్పుడు భయం ఎటు వైపు ఉంటుందో ఆలోచించండి. ఎఫోర్లనే అధికారులు ఏటా పదవిలోకి రాగానే హెలోట్ల మీద లాంఛనంగా యుద్ధం ప్రకటించేవారు. అలా చేస్తే హెలోటును చంపినా పాపం అంటదని వాళ్ళ నమ్మకం. స్పార్టా ఊరంతా ఒక శిబిరంలా బతకడానికి అసలు కారణం పరాయి శత్రువు కాదు, సొంత పొలాల్లో ఉన్న మనుషులు.

ఇప్పుడు అక్కడి ఆడపిల్లను చూడండి. ఆమె పరుగెత్తేది, కుస్తీ పట్టేది, ఈటె విసిరేది. గట్టి ఒంటి తల్లికి గట్టి బిడ్డ పుడతాడని, ఆ బిడ్డ సైనికుడవుతాడని. ఆమె కోరి తెచ్చుకున్న హక్కు కాదది, సైన్యానికి కావలసిన పని. నూలు వడకడానికీ నెయ్యడానికీ దాసీలు చాలు అన్నది స్పార్టా పద్ధతి అని ఏథెన్స్ రచయిత జెనొఫోన్ రాశాడు. అంటే ఆ పిల్ల మైదానంలో పరుగెత్తుతున్న వేళ మగ్గం దగ్గర ఇంకొక ఆడమనిషి ఉంది. ఈ సంగతి వదిలేసి స్పార్టా స్త్రీల స్వేచ్ఛ గురించి మాట్లాడడం నాకు అన్యాయం అనిపిస్తుంది.

అయినా ఆ స్వేచ్ఛ ఉత్తది కాదు. పెళ్ళి పద్దెనిమిది, ఇరవై ఏళ్ళ ప్రాయంలో. భర్తకు ముప్ఫై ఏళ్ళు వచ్చేదాకా తోటి సైనికులతోనే పడక; రాత్రిపూట చాటుగా వచ్చి వెళ్ళేవాడు. ఇల్లూ భూమీ చూసుకునేది ఆమె. తండ్రి భూమిలో భాగం కూతురికీ వచ్చేది. రాజు ఆర్కిడమస్ కూతురు కైనిస్కా క్రీ.పూ. 396లోనూ, మళ్ళీ 392లోనూ ఒలింపియాలో నాలుగు గుర్రాల రథం పందెం గెలిచింది. రథం తోలింది ఆమె కాదు; ఆ పందెంలో కిరీటం గుర్రాల యజమానిది. తన తండ్రీ అన్నదమ్ములూ స్పార్టా రాజులని, గ్రీసు మొత్తంలో ఆ కిరీటం పొందిన స్త్రీ తానొక్కతేనని అక్కడ రాతి మీద చెక్కించింది.

ఏథెన్స్‌లో ఇదే మెడిమ్నోస్ ఇంకోలా కనిపిస్తుంది. అక్కడి చట్టం ప్రకారం స్త్రీ తనంతట తానుగా ఒక మెడిమ్నోస్ బార్లీ విలువకు మించిన బేరం చెయ్యకూడదు. నలుగురున్న ఇంటికి పన్నెండు రోజుల తిండి, అంతే ఆమె సంతకం విలువ. అంతకు మించితే ఆమె కూరియోస్ రావాలి. కూరియోస్ అంటే ఆమె తరఫున మాట్లాడే మగవాడు: మొదట తండ్రి, తర్వాత భర్త, భర్త పోతే కొడుకు. పిల్లకు పద్నాలుగు, పదిహేనేళ్ళకు పెళ్ళి. వరుడికి ముప్ఫై దాకా ఉంటాయి. కట్నం ఇచ్చేవారు. విడిపోతే భర్త కట్నం తిరిగి ఇవ్వాలి, ఆలస్యం చేస్తే ఏడాదికి 18 శాతం వడ్డీ కట్టాలి. ఆమెకున్న గట్టి రక్షణ ఇదొక్కటే. అన్నదమ్ములు లేని పిల్లయితే తండ్రి ఆస్తితో పాటు ఆమె కూడా తండ్రి వైపు దగ్గరి చుట్టానికి భార్యగా వెళ్ళాలి. చాలాసార్లు ఆ చుట్టం సొంత చిన్నాన్నో పెదనాన్నో అయ్యేవాడు.

ఎందుకింత కట్టడి? క్రీ.పూ. 451లో ఏథెన్స్ నాయకుడు పెరిక్లీస్ తెచ్చిన చట్టం ప్రకారం తండ్రీ తల్లీ ఇద్దరూ ఏథెన్స్ వాళ్ళయితేనే కొడుకు పౌరుడు. వోటు విలువ పెరిగిన కొద్దీ ఆ వోటు ఎవరి కడుపున పుడుతుందో కాపలా కాయడమూ పెరిగింది. న్యాయస్థానంలో గౌరవమైన ఇంటి ఆడవాళ్ళ పేరు కూడా పలికేవారు కాదు, ఫలానావాడి భార్య, ఫలానావాడి కూతురు అనేవారు. మీరు తిరకాసు అన్నది ఇదే. ప్రజాస్వామ్యం ఉండి కూడా ఇలా జరిగింది అనుకుంటాం. కొంతవరకు ప్రజాస్వామ్యం వల్లనే ఇలా జరిగింది.

ఇల్లు దాటకపోవడం మాత్రం కలిగినవాళ్ళ మాట. పేదింటి ఆడవాళ్ళు సంతలో రొట్టెలు, నాడాలు, కూరగాయలు అమ్మారు, బావికీ ధారకీ నీళ్ళకు వెళ్ళారు, ద్రాక్ష కోతకు కూలికి వెళ్ళారు, ఇంకొకరి బిడ్డకు పాలిచ్చారు. పేదవాడి భార్యను బయటికి వెళ్ళకుండా ఎవరు ఆపగలరని అరిస్టాటిలే అడిగాడు.

కలిగిన ఇల్లయినా, లేని ఇల్లయినా ఉన్ని పని తప్పదు. గొర్రె బొచ్చును వేడినీళ్ళలో కడిగి, ముళ్ళూ పేడా ఏరి, దువ్వి, మోకాలి మీద గరుకు మట్టి తొడుగు పెట్టుకుని దాని మీద ఏకులుగా రుద్దేవారు. తర్వాత కదురు. రాట్నం వాళ్ళకు లేదు. అడుగున మట్టి బిళ్ళ ఉన్న కదురును గాలిలో వేలాడేసి తిప్పుతూ పోగు తీయాలి. మన గుంట మగ్గం మీద పడుగు పరుపుగా ఉంటుంది కదా, వాళ్ళ మగ్గంలో పడుగు నిలువుగా వేలాడుతుంది, కింద గుత్తులు గుత్తులుగా మట్టి గుండ్లు కడతారు. నేత పైనుంచి కిందికి; పేకను పైకి కొట్టి బిగించాలి. గుండ్ల బరువు సమంగా లేకపోతే పడుగు ఒకచోట బిగిసి, ఒకచోట వదులై గుడ్డ వంకరపోతుంది. తవ్వకాల్లో ఇళ్ళల్లో ఈ గుండ్లు కుప్పలుగా దొరుకుతాయి.

ఇక యుద్ధం. బరువు ఆయుధాల సైనికుడి డాలు అడ్డంగా సుమారు 90 సెంటీమీటర్లు, బరువు ఏడు కిలోల ప్రాంతం, కొయ్యది, అంచుకు కంచు. మధ్యలో ఉన్న పట్టీలో ఎడమ చెయ్యి మోచేతి దాకా దూర్చి, అంచు దగ్గరి పిడి పట్టుకోవాలి. అలా పట్టుకుంటే డాలులో సగం ఎడమ వైపుకు పొడుచుకొస్తుంది. అది కాచేది పక్కవాణ్ణి. అందుకే మామూలుగా ఎనిమిది వరసలు ఒత్తుగా నిలబడేవారు. చిక్కు ఏమిటంటే, ప్రతివాడూ తన కుడి పక్కవాడి డాలు చాటుకు జరుగుతాడు, దాంతో సైన్యం మొత్తం నడుస్తూ నడుస్తూ కుడికి ఒరుగుతుంది. క్రీ.పూ. 418లో మాంటినియా దగ్గర ఇదే జరిగింది. స్పార్టా రాజు ఏజిస్ తన ఎడమ కొస చుట్టుముట్టబడుతుందని భయపడి, ఆఖరి నిమిషంలో వాళ్ళను ఇంకా ఎడమకు జరగమన్నాడు. ఆ ఖాళీ నింపవలసిన ఇద్దరు దళపతులు కదలనన్నారు. వరసలో బొక్క పడింది. మిగతా వరసల ధైర్యం వల్ల గెలిచారు కానీ, ఆ ఇద్దరికీ దేశబహిష్కారం పడింది. స్పార్టన్లు పిల్లనగ్రోవుల లయకు నెమ్మదిగా నడిచింది ఆడంబరానికి కాదు, ఆ వరస చెదరకుండా ఉండడానికే.

అటువంటి సైన్యం క్రీ.పూ. 371లో ల్యూక్ట్రా దగ్గర కూలిపోయింది. థీబ్స్ అనే ఇంకో గ్రీకు నగరపు సేనాని ఎపమినోండాస్ ఎడమ కొసన 50 వరసల లోతు పెట్టి, స్పార్టన్లు 12 వరసలున్న చోట గుద్దాడు. అక్కడున్న 700 మంది స్పార్టా పౌరుల్లో 400 మంది చనిపోయారు. ఒక్క యుద్ధంలో 400 మంది పోతే ఊరు లేవలేకపోవడం ఏమిటి అంటారా? అప్పటికే పౌరులు వెయ్యి మందికి దిగిపోతున్నారు. యుద్ధాల్లో, క్రీ.పూ. 464 ప్రాంతంలో వచ్చిన భూకంపంలో మగవాళ్ళు పోయారు. భూమి కొద్దిమంది చేతుల్లోకి చేరింది. భూమి పోయినవాడు నెలకొక మెడిమ్నోస్ ఇవ్వలేక పౌరసత్వం పోగొట్టుకున్నాడు. దేశంలో అయిదింట రెండు వంతుల భూమి స్త్రీల చేతుల్లో ఉందని చెప్పి, అరిస్టాటిల్ తప్పు వాళ్ళ మీద మోపాడు. నేను ఒప్పుకోను. కొలత పెట్టింది మగవాళ్ళు, దాన్ని మార్చనిది మగవాళ్ళు. వారసుడు యుద్ధంలో పోతే భూమి కూతురికి రాక ఎక్కడికి పోతుంది?

చివరగా ఒక చిన్న ఊరి సంగతి చెప్పాలి, ప్లటేయా. పైన చెప్పిన 479 యుద్ధం జరిగిన చోటే. ఆ గెలుపు తర్వాత స్పార్టా సేనాని పౌసానియస్, ఈ ఊరిని ఎవరూ ముట్టకూడదని దేవతల ఎదుట మాట ఇచ్చాడు.

ఆ తర్వాత ఏథెన్స్‌కూ స్పార్టాకూ పెద్ద యుద్ధం వచ్చింది; ప్లటేయా ఏథెన్స్ పక్షం, థీబ్స్ అప్పట్లో స్పార్టా పక్షం. అది మొదలైన క్రీ.పూ. 431లో, చీకటి రాత్రి, కుండపోత వానలో, 300 మందికి పైగా థీబ్స్ సైనికులు ద్రోహి తెరిచిన తలుపు గుండా ఊళ్ళోకి వచ్చారు. ప్లటేయా వాళ్ళు ముందు లొంగినట్టు కనిపించి, ఇళ్ళ మధ్య గోడలకు కన్నాలు పెట్టుకుని లోలోపలే ఒకచోట చేరారు. వీధులకు అడ్డంగా ఎద్దులు విప్పిన బళ్ళు పెట్టారు. తెల్లవారకముందే విరుచుకుపడ్డారు. మిద్దెల మీంచి ఆడవాళ్ళూ, దాసులూ కేకలు పెడుతూ రాళ్ళూ పెంకులూ విసిరారు. దారి తెలియని ఆ బురదలో థీబ్స్ వాళ్ళు చెల్లాచెదరయ్యారు. కాపలా లేని ఒక తలుపు దగ్గర కొందరికి ఒక స్త్రీ గొడ్డలి ఇచ్చింది. దాంతో అడ్డగడియ నరికి కొద్దిమంది బయటపడ్డారు. పట్టుబడిన 180 మందిని ప్లటేయా వాళ్ళు చంపేశారు. ఆ పని వాళ్ళను వదలలేదు.

తర్వాత పిల్లల్నీ, ముసలివాళ్ళనీ, ఆడవాళ్ళనీ ఏథెన్స్‌కు పంపేశారు. ఊళ్ళో మిగిలింది 400 మంది ప్లటేయా మగవాళ్ళు, 80 మంది ఏథెన్స్ వాళ్ళు, రొట్టెలు చెయ్యడానికి 110 మంది స్త్రీలు. క్రీ.పూ. 429లో స్పార్టా సైన్యం ముట్టడించింది. ఆ 110 మంది పని లెక్కకట్టండి. మనిషికి రోజుకు ఒక ఖొయినిక్స్ చొప్పున 590 మందికి 600 లీటర్లకు పైగా గింజలు. ఒక్కొక్కరి వంతు అయిదున్నర లీటర్ల పైమాట. తిరిగే తిరగలి వాళ్ళకు లేదు. మన సన్నికల్లు మీద నూరినట్టు, మోకాళ్ళ మీద కూర్చుని రాతి మీద రాయి ముందుకూ వెనక్కూ తోస్తూ పిండి చెయ్యాలి. రెండేళ్ళు అలా నూరారు.

రెండో చలికాలంలో మగవాళ్ళలో 212 మంది తప్పించుకున్నారు. శత్రువు కట్టిన గోడలో సున్నం పూయని చోట ఇటుక వరసలు పదేపదే, చాలామంది ఒకేసారి లెక్కపెట్టి, ఆ లెక్కకు నిచ్చెనలు చేశారు. బురదలో జారకుండా ఎడమ కాలికే చెప్పు తొడుక్కున్నారు. నన్ను అడిగితే ఆ యుద్ధంలో ఇంత తెలివైన పని ఇంకొకటి లేదు. ఆ స్త్రీలు లోపలే ఉండిపోయారు.

క్రీ.పూ. 427లో తిండి అయిపోయి ఊరు లొంగింది. స్పార్టా నుంచి అయిదుగురు తీర్పరులు వచ్చారు. ఈ యుద్ధంలో స్పార్టాకు మీరేమైనా మేలు చేశారా అని ఒక్కొక్కరినీ అదే ప్రశ్న అడిగారు. లేదన్న ప్రతివాణ్ణీ తీసుకెళ్ళి చంపారు: ప్లటేయా వాళ్ళు 200 మందికి తక్కువ కాకుండా, ఏథెన్స్ వాళ్ళు 25 మంది. స్త్రీలను బానిసలుగా అమ్మేశారు. కొన్నాళ్ళకు ఊరిని పునాదులతో సహా కూల్చి, అక్కడి కొయ్యతో, తలుపులతో 200 అడుగుల సత్రం కట్టారు. కోటలో దొరికిన కంచూ ఇనుమూ కరిగించి మంచాలు చేయించి హేరా దేవతకు సమర్పించారు, ఆమెకు 100 అడుగుల రాతి గుడి కట్టించారు. హేరా పెళ్ళిళ్ళకు, ఇల్లాళ్ళకు దేవత.

మీ అమ్మమ్మ