తేలే మంచు మీద కాపురం: ధ్రువ శిబిరాల వెనకటి కథ

శ్రీకాకుళం జిల్లాలో సెప్టెంబరు వచ్చిందంటే చెవులన్నీ వాతావరణ వార్తల మీదే ఉంటాయి. కళింగపట్నం రేవులో ఎన్నో నంబరు ప్రమాద సూచిక ఎగరేశారన్నదే భావనపాడులోనైనా, బారువలోనైనా ముందు అడిగే మాట. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఉద్దానం కొబ్బరి, జీడి తోటల్ని పడగొట్టాక ఆ టెన్షన్ ఇంకా పెరిగింది. ఆర్కిటిక్ సముద్రంలో మంచు తగ్గిపోవడం గురించి కూడా ఇప్పుడు తరచూ వింటున్నాం. ఆ మంచును ఎవరు, ఎలా కొలుస్తూ వచ్చారో తెలిస్తే ఆ వార్త బరువు అర్థమవుతుంది.

ఉత్తర ధ్రువం దగ్గర నేల లేదు. నాలుగు కిలోమీటర్లకు పైగా లోతున్న సముద్రం, దాని మీద గాలికీ ప్రవాహానికీ కదిలిపోయే మంచు పలకలు. 1881లో సైబీరియాకు ఉత్తరాన మంచులో నలిగి మునిగిన జీనెట్ ఓడ తాలూకు సామాన్లు మూడేళ్ల తర్వాత గ్రీన్‌లాండ్ ఒడ్డున దొరికాయి. మంచే వాటిని అంత దూరం మోసుకొచ్చిందని నమ్మిన నార్వే దేశస్థుడు నాన్సెన్, 1893లో తన ఫ్రామ్ ఓడను కావాలనే మంచులో ఇరికించాడు. అది 1896లో క్షేమంగా బయటపడింది.

ఓడ లేకుండా మంచు మీదే శిబిరం పెట్టింది సోవియట్ వాళ్లు. 1937 మే 21న విమానాలు ధ్రువం దగ్గర దిగాయి. పపానిన్ నాయకుడు. క్రెంకెల్‌ది రేడియో, షిర్షోవ్‌ది సముద్రం నీళ్ల పరీక్ష, ఫ్యోదొరొవ్‌ది అయస్కాంత, వాతావరణ కొలతల పని. తోడుగా వెసోలీ అనే కుక్క. పలక మందం మూడు మీటర్లు. రేడియో బ్యాటరీలకు గాలిమర, గాలి పడిపోతే చేత్తో తిప్పే జనరేటరు. సముద్రం లోతు కొలవడానికి తాడు దించి, మళ్లీ చేతి వించ్‌తో గంటల తరబడి పైకి తిప్పాలి. వచ్చిన లెక్క 4,290 మీటర్లు. ఆ జూన్‌లో ధ్రువం మీదుగా అమెరికాకు ఎగిరిన చ్కాలోవ్‌కు వాతావరణం సంగతి చెప్పింది కూడా ఈ నలుగురే.

ఎండాకాలం కరుగు నీళ్లు గుడారాల చుట్టూ చెరువు కట్టాయి. పలక దక్షిణానికి జారుతూ గ్రీన్‌లాండ్ పక్కకు చేరింది. 1938 ఫిబ్రవరి 1న తుపానుకు అది ముక్కలైంది. కిలోమీటర్ల కొద్దీ ఉన్న పలకలో వాళ్లకు మిగిలింది 300 మీటర్ల పొడవు, 200 మీటర్ల వెడల్పు. తెప్ప మీద ఇల్లు కట్టుకున్నట్టే! తిండి, ఇంధనం ఒకేచోట పెట్టకుండా వేరువేరు చోట్ల దాచుకోవడం వాళ్లను కాపాడిందని నా నమ్మకం. ఫిబ్రవరి 19న రెండు ఓడలు వచ్చి తీసుకెళ్లాయి. మొత్తం 274 రోజులు.

1950 నుంచి 1991 దాకా ఇలాంటి సోవియట్ శిబిరాలు ఒకదాని తర్వాత ఒకటి నడిచాయి. ఏళ్లనాటి ముదురు మంచులో ఉప్పు చాలావరకు దిగిపోతుంది, అందుకే దాన్ని కరిగించి తాగుతారు. చుట్టూ సముద్రమే ఉన్నా, అగ్గి అంటుకుంటే ఆర్పడానికి గడ్డకట్టని నీళ్లు చేతికి అందవు. తిండి వాసనకు తెల్ల ఎలుగుబంట్లు వస్తాయి కాబట్టి తుపాకీతో ఒకరు కాపలా ఉండాల్సిందే. మంచు చీలి విమానం దిగే దారి తెగిపోతే రోగిని తరలించే మార్గం కూడా మూసుకుపోతుంది. నన్ను ఎక్కువగా భయపెట్టేది ఇదే.

రష్యా 2003లో ఈ పనిని మళ్లీ మొదలుపెట్టింది. 2004 మార్చిలో మంచు గుట్టలుగా లేచి శిబిరంలో చాలా గదుల్ని మింగేసింది. 12 మందిని హెలికాప్టర్లలో కాపాడారు. 2013లో పలక విరిగిపోతుంటే మరో శిబిరాన్ని గడువుకు ముందే ఖాళీ చేశారు. 2019 అక్టోబరులో జర్మనీ ఓడ పోలార్‌స్టెర్న్ మంచుతో కలిసి సాగింది. ఆ యాత్రలో కేరళకు చెందిన విష్ణు నందన్ కూడా పనిచేశారు. వాళ్లు ఎంచుకున్న పలక 2020 జూలై 30న ముక్కలైంది.

మన దేశానికి ఆర్కిటిక్‌లో నార్వే దీవులైన స్వాల్‌బార్డ్‌లో 2008 నుంచి హిమాద్రి కేంద్రం ఉంది. సైబీరియాకు ఉత్తరాన ఉన్న కారా సముద్రంలో వేసవి మంచు తగ్గడానికీ, మధ్య భారతంలో సెప్టెంబరులో పడే అతి భారీ వానలకూ సంబంధం ఉండొచ్చని గోవాలోని ధ్రువ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు 2021లో చెప్పారు. అది మన జిల్లా గురించి చెప్పిన లెక్క కాదు. అయినా ఒడిశా కొండల్లో ఆ నెలలో కురిసే వానకు వంశధార, నాగావళి పొంగి చేలు మునగడం చూసినవాళ్లం, ఆ పరిశోధన ఎంత దాకా వచ్చిందో అడగాల్సిన వాళ్లం.

మంచును నమ్మలేక రష్యా 2022లో మనుషులు ఉండటానికి మంచులో తేలే ప్రత్యేక ఓడనే దించింది. పడక ఓడలోకి మారింది గానీ, మంచు మందం కొలవాలంటే ఇప్పటికీ ఎవరో ఒకరు డ్రిల్లు పట్టుకుని కిందికి దిగుతారు.