స్పర్శను ఆపాలా? అపోహలు - వాస్తవాలు

ధ్యానానికి కూర్చోగానే బయట చప్పుడు వినబడుతుంది, మోకాలు సలుపుతుంది. ఇలా ఏదైనా ఇంద్రియానికి అంది మనకు తెలియడాన్నే బౌద్ధంలో స్పర్శ అంటారు. "స్పర్శ ఆగలేదు, నాకిది రాదేమో" అని బెంగపడేవాళ్లు చాలామంది. వాళ్ల తప్పేం లేదు, ఎవరో అలా నూరిపోశారు.

అపోహ: ఇంద్రియాలు మూసేసి స్పర్శను ఆపడమే సాధన.

వాస్తవం: బుద్ధుడి బోధల పాళీ సంకలనం మజ్ఝిమ నికాయంలోని ఇంద్రియభావనా సుత్తంలో పారాసరియుడి శిష్యుడు ఉత్తరుడు ఇదే మాట అంటాడు. కంటితో చూడకపోవడం, చెవితో వినకపోవడమే మా గురువు నేర్పే ఇంద్రియ భావన (ఇంద్రియాల సాధన) అని. అలాగైతే చూపులేనివాడు, చెవిటివాడు ఆ భావన సాధించినట్టేగా అంటాడు బుద్ధుడు. ఉత్తరుడు తలదించుకుని ఊరుకుంటాడు.

దుఃఖం ఎలా పుడుతుందో చెప్పే పన్నెండు కారణాల గొలుసు ద్వాదశ నిదానాలు. వాటిలో స్పర్శ 6వది, వేదన (సుఖం, దుఃఖం, రెండూ కానిది అనే అనుభూతి) 7వది, తృష్ణ (కావాలనో వద్దనో మనసు లాగడం) 8వది. మెలకువగా ఉన్నంతసేపూ స్పర్శ, వేదన కలుగుతూనే ఉంటాయి. బతికున్న అరహంతుడికీ (పూర్తిగా విముక్తి పొందినవాడికీ) వేదన ఉంది, తృష్ణ లేదు. మనకు పట్టు చిక్కేది 7కీ 8కీ నడుమే.

పది నిమిషాలు చాలు. ఏదైనా చప్పుడు వినబడగానే "వినడం" అని గుర్తించండి. అది సుఖమా, దుఃఖమా, రెండూ కాదా చూడండి. ఆపైన "ఇంకాసేపు ఉంటే బాగుణ్ణు", "ఆగిపోతే బాగుణ్ణు" అని మనసు ఎటు లాగుతోందో గమనించండి. ఎక్కువమంది తడబడేది రెండో మెట్టు మీద. "చిరాకు"ను వేదన ఖాతాలో వేసేస్తారు. చిరాకు అప్పటికే ప్రతిక్రియ. దానికి ముందున్న ఆ కాస్త అసౌఖ్యమే వేదన. ఇంకొందరు వేదనకన్నా ముందే స్పర్శను విడిగా పట్టుకోవాలని కాపు కాస్తారు. వృథా శ్రమ. మనసును విడదీసి వివరించే థేరవాద బౌద్ధ శాస్త్రం అభిధమ్మం లెక్కలో ఈ రెండూ ఒకే చిత్తంలో (ఒకే క్షణపు ఎరుకలో) కలిసి పుడతాయి. ప్రతి చిత్తంలోనూ ఉండే 7 చైతసికాల్లో (చిత్తంతో పాటు పుట్టే మానసిక అంశాల్లో) రెండూ ఉన్నాయి.

అపోహ: స్పర్శ అంటే ఒంటికి తగలడం.

వాస్తవం: ఒంటికి తగిలే విషయానికి పాళీలో ఫొట్ఠబ్బం అనే వేరే మాట ఉంది. స్పర్శకు పాళీ మాట ఫస్సం. ఇంద్రియం, విషయం, విజ్ఞానం (ఎరుక) మూడూ కూడితేనే ఫస్సం. చెవి బాగానే ఉంది, చప్పుడూ ఉంది, ధ్యాస మాత్రం చదువుతున్న పేజీలో ఉంది: అక్కడ శ్రోత్ర స్పర్శ లేదు. మనసుకు ఆలోచన తోచడమూ స్పర్శే, అందుకే స్పర్శలు ఆరు.

అపోహ: స్పర్శ అంటే కామమే.

వాస్తవం: ద్వాదశ నిదానాలను బొమ్మలుగా చూపే టిబెట్ భవచక్ర చిత్రాల్లో స్పర్శకు గుర్తుగా కౌగిలించుకున్న జంటను వేస్తారు, ఈ పుకారు బలపడటానికి అదీ ఓ కారణం. ఆ పక్కనే వేదనకు గుర్తుగా కంట్లో బాణం దిగిన మనిషి ఉంటాడు. వేదన అంటే కంటిజబ్బు అని మాత్రం ఎవరూ అనరు.