జహీరాబాద్ నిమ్జ్: భూమి ముందు, పర్యావరణ పరిశీలన తర్వాత

సంగారెడ్డి జిల్లాలోని జహీరాబాద్ నిమ్జ్ (జాతీయ పెట్టుబడులు, తయారీ మండలి, అంటే ఒక భారీ పారిశ్రామిక ప్రాంతం) అనగానే చాలామందికి గుర్తొచ్చేది 2022 జూలైలో జరిగిన పర్యావరణ ప్రజాభిప్రాయ సేకరణ. కానీ ఆ రోజు రైతులకు అంత కోపం ఎందుకొచ్చిందో తెలియాలంటే ఇంకో పదకొండేళ్లు వెనక్కి వెళ్లాలి.

2011లో కేంద్రం జాతీయ తయారీ విధానం తెచ్చింది. దాని ప్రకారం నిమ్జ్ కనీసం 5,000 హెక్టార్లు ఉండాలి, అంటే దాదాపు 12,350 ఎకరాలు. ఇక్కడ తీసుకోవాలనుకున్నది న్యాల్‌కల్, ఝరాసంగం మండలాల్లోని 17 ఊళ్లలో 12,635 ఎకరాలు. ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి చూడండి. ఇక్కడ నీళ్లెన్ని ఉన్నాయి, ఈ నేల ఎంత తట్టుకుంటుంది అని లెక్కేసి తేల్చిన విస్తీర్ణంలా నాకైతే కనిపించదు, పాలసీలోని కనీస హద్దు దాటడానికి ఎంత కావాలో అంత తీసుకున్నట్టుంది.

పోనీ అదేమైనా బీడు భూమా అంటే, కాదు. జొన్న, కంది, శనగ, అల్లం, ఆలుగడ్డ, చెరకు పండే ప్రాంతం. ఒకే చెక్కలో పది రకాల విత్తనాలు కలిపి చల్లే పద్ధతిని ఇక్కడి దళిత మహిళా రైతులు కాపాడుకుంటూ వచ్చారు, ఏటా పాత పంటల జాతర జరిగేది కూడా ఈ ఊళ్ల మధ్యే.

భూసేకరణకు 2013 చట్టం ఉంది. సామాజిక ప్రభావ అంచనా, కూలీలకు కూడా పునరావాసం అందులో ఉన్నాయి. తెలంగాణ ప్రభుత్వం మాత్రం 2015లో జీవో 123 తెచ్చి, రైతుల దగ్గర నేరుగా కొనడం మొదలుపెట్టింది. పట్టా ఉన్నవాడికి డబ్బు వస్తుంది సరే, ఆ పొలంలో కలుపు తీసి బతికే మనిషికేం వస్తుంది? నిమ్జ్ ప్రాంతపు వ్యవసాయ కూలీలు ఇదే ప్రశ్నతో హైకోర్టుకు వెళ్తే, 2016 ఆగస్టు 3న సింగిల్ జడ్జి ఆ జీవో కొట్టేశారు. ఆ తర్వాత రాష్ట్రం 2013 చట్టానికే సవరణ చేసుకుంది.

ఇక పర్యావరణ పరిశీలన. 2006 ఈఐఏ (పర్యావరణ ప్రభావ అంచనా) నోటిఫికేషన్ ప్రకారం పర్యావరణ అనుమతి రాకుండా నిర్మాణం చేయకూడదు, నేల చదును కూడా చేయకూడదు, కానీ భూమిని సమకూర్చుకోవడానికి మాత్రం మినహాయింపు ఉంది. మొత్తం చిక్కు ఈ ఒక్క మినహాయింపులోనే ఉంది. అభిప్రాయం అడిగే నాటికి సగం ఊరు భూమి ఇచ్చేసి ఉంటే ఇక చెప్పేదేముంటుంది? 2022 జూన్‌లో నిమ్జ్ పరిధిలోని ఎల్గోయి దగ్గర ఒక రక్షణ పరికరాల పరిశ్రమకు శంకుస్థాపన చేశారు. ప్రజాభిప్రాయ సేకరణ పెట్టింది ఆ తర్వాతి నెలలో.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. అనుమతి పొందిన పారిశ్రామిక పార్కులో, ఆ అనుమతి పరిధిలోనే వచ్చే ఫ్యాక్టరీలకు మళ్లీ విడిగా ప్రజాభిప్రాయ సేకరణ అక్కర్లేదని అదే నోటిఫికేషన్ చెబుతుంది. అంటే ఊళ్లవాళ్లు ఎదురుగా నిలబడి అడిగే అవకాశం దాదాపు ఆ ఒక్కరోజే.

2024 ఆగస్టులో కేంద్ర కేబినెట్ 12 పారిశ్రామిక స్మార్ట్ సిటీలకు ఓకే చెప్పింది, వాటిలో ఓర్వకల్లు, కొప్పర్తితో పాటు జహీరాబాద్ కూడా ఉంది, తొలి దశగా 3,245 ఎకరాల్లో. ఇకమీదట ఊళ్ల చేతిలో మిగిలింది అనుమతి పత్రంలోని షరతులే. వాటి అమలుపై ఏటా జూన్ 1న, డిసెంబర్ 1న నివేదిక ఇవ్వాలి, అది ఎవరడిగినా చూపించాల్సిన పత్రం. ఆ రెండు తేదీలకూ పంచాయతీ తరఫున అడిగి తెప్పించుకుని, తెలుగులో చదివించుకోవాలి.