కోత షెడ్లలో హోరు: అపోహలు, వాస్తవాలు

చీమకుర్తి చుట్టుపక్కల గ్రానైట్ క్వారీల్లో, కోత షెడ్లలో శబ్దం కొలవడం నా పని. మీటరు బయటికి తీయగానే ఎక్కడైనా వినపడే మాటలివి.

అపోహ: "మాకు అలవాటైపోయిందన్నా."

చిరాకు పోవచ్చు, చెవికి మాత్రం అలవాటంటూ ఉండదు. లోపలి చెవిలో శబ్దాన్ని పట్టే సన్నటి రోమకణాలుంటాయి. హోరుకు అవి చచ్చిపోతే మళ్లీ పుట్టవు. హోరు ఇదివరకటంత అనిపించడం లేదంటే వినికిడి తగ్గుతోందేమో చూసుకోవాలి. ముందు వినపడకుండా పోయేవి 4000 హెర్ట్జ్ చుట్టూ ఉండే కీచు శబ్దాలు. గొంతు వినపడుతుంది, క, త, ప, స తేడా తెలియదు. ఇంట్లో పాలు అంటే కాలు అని వినపడుతుంది, పైగా "సరిగ్గా చెప్పవేం" అని ఆవిడ మీదే విసుగు. నొప్పి ఉండదు కాబట్టి ఆసుపత్రికీ వెళ్లరు.

అపోహ: "90కి, 93కి ఏం తేడా?"

3 డెసిబెల్స్ పెరిగితే శబ్ద శక్తి రెట్టింపు. 90 ఇచ్చే మెషీన్ పక్కన అలాంటిదే ఇంకోటి తిప్పితే 93 అవుతుంది. పనిచోట ఆరోగ్యం, భద్రత చూసే అమెరికా సంస్థ నియోష్ లెక్కలో రోజుకు ఉండదగ్గది 85 డెసిబెల్స్ దగ్గర 8 గంటలు, 88 దగ్గర 4, 91 దగ్గర 2. 100 దాటితే పావుగంట కూడా ఎక్కువే. మన ఫ్యాక్టరీ నిబంధనల్లో 8 గంటలకు 90 అని ఉంటుంది. నేనైతే 85 దగ్గరే ఆపుతాను.

అపోహ: "ఫోన్‌లో యాప్ ఉందిగా."

అందాజుకు పనికొస్తుంది, రిపోర్టుకు పనికిరాదు. కొలవాల్సింది షెడ్డు మధ్యలో కాదు, మనిషి చెవి దగ్గర. మనిషి తిరుగుతూ పనిచేస్తుంటే రోజు మొత్తంలో చెవిన పడిన శబ్దాన్ని లెక్కగట్టే చిన్న మీటరు, డోసీమీటర్‌ను భుజానికి తగిలించి షిఫ్టంతా ఉంచాలి.

అపోహ: "చెవుల్లో పెట్టుకునే ప్లగ్గులు ఇచ్చేశాం."

ఇదే నాకు ఎక్కువ కోపం తెప్పిస్తుంది. ముందు మెషీన్ సంగతి చూడండి. వదులైన గార్డు బోల్టు, గాలి లీకయ్యే కంప్రెసర్ గొట్టం, అరిగిన బ్లేడు. చప్పుడు తక్కువ చేసే కోర్ (మధ్యనుండే ఉక్కు బిళ్ల) ఉన్న బ్లేడ్లు దొరుకుతాయి. కంప్రెసర్‌ను గోడ అవతల పెట్టొచ్చు. రేకుల షెడ్డులో శబ్దం తిరిగి కొడుతుంది కాబట్టి దూరం జరిగినా బయట తగ్గినంత తగ్గదు.

ఆ తర్వాతే ఫోమ్ ప్లగ్గు. వేళ్లతో సన్నగా నలిపి, రెండో చేత్తో చెవిని పైకి, వెనక్కి లాగి దూర్చి, అది ఉబ్బేదాకా అరనిమిషం పట్టుకోవాలి. సగం బయటికి కనపడుతుంటే పెట్టుకోనట్టే. 30 డెసిబెల్స్ తగ్గించే ప్లగ్గును 8 గంటల్లో ఒక్క అరగంట తీసేసినా నికరంగా దక్కేది 12 మాత్రమే. మాట్లాడటానికి తీస్తారు, అక్కడే పోతుంది.

అపోహ: "దూది పెట్టుకుంటాం."

చాలదు.

ఆడియోమెట్రీకి, అంటే వినికిడి పరీక్షకు, షిఫ్టు దిగి నేరుగా రాకండి. కనీసం 14 గంటలు హోరుకు దూరంగా ఉండి, పొద్దున్నే రండి. పనిలో చేరినప్పుడు తీసిన మొదటి కాగితం పారేయొద్దు, తర్వాతవన్నీ దాంతోనే పోల్చాలి.