దుకాణంలో దుకాణం: ‘లైన్ ఆఫ్ డ్యూటీ’ వెనకున్న పోలీసు చరిత్ర

2021 మే 2, ఆదివారం రాత్రి. బ్రిటన్‌లో కోటీ 28 లక్షల మంది టీవీల ముందు కూర్చున్నారు. బీబీసీ వన్‌లో ‘లైన్ ఆఫ్ డ్యూటీ’ ఆరో సిరీస్ చివరి ఎపిసోడ్ వస్తోంది. పోలీసు శాఖలోనే ఉంటూ నేరగాళ్ల ముఠాకు కొమ్ము కాస్తున్న ‘హెచ్’ ఎవరన్నది ఆ రాత్రి తేలిపోవాలి. తేలింది. ఇయాన్ బకెల్స్. మొదటి సిరీస్‌లోనే కనిపించి, పని చేతకానివాడని అందరూ పక్కన పెట్టేసిన అధికారి. ఒక మహా మాయావి ముసుగు తొలగుతుందని ఏళ్ల తరబడి ఎదురుచూసినవాళ్లు మండిపడ్డారు. ఇన్నాళ్లూ ఊరించింది వీడి కోసమా అన్నారు.

నాకు మాత్రం అంతకంటే సరైన ముగింపు లేదనిపించింది. బ్రిటన్ పోలీసు అవినీతి చరిత్ర చదివేకొద్దీ ఆ నమ్మకం గట్టిపడింది.

సిరీస్ చూడనివాళ్ల కోసం రెండు మాటలు. జెడ్ మెర్క్యూరియో రాసిన ఈ డ్రామా 2012 జూన్‌లో బీబీసీ టూలో మొదలైంది. నాలుగో సిరీస్ నుంచి బీబీసీ వన్‌కు మారింది. ‘సెంట్రల్ పోలీస్’ అనే కల్పిత దళంలో ఏసీ-12 అనే యూనిట్ ఉంటుంది. మన ఏసీబీ ఏ శాఖ ఉద్యోగినైనా పట్టుకుంటుంది. ఏసీ-12 పట్టుకునేది తోటి పోలీసులనే. అందుకే సూపరింటెండెంట్ టెడ్ హేస్టింగ్స్, ఆయన కింద పనిచేసే స్టీవ్ ఆర్నట్, కేట్ ఫ్లెమింగ్ క్యాంటీన్‌లోకి అడుగుపెడితే మిగతావాళ్ల మాటలు ఆగిపోతాయి. సిరీస్ తీయడానికి పోలీసుల నుంచి అధికారికంగా సాయం అందలేదు. రిటైరైన అధికారుల సలహాలతోనే నడిపించారు.

మొదటి ఎపిసోడ్ ఎక్కడి నుంచి పుట్టిందో బ్రిటన్ ప్రేక్షకులకు ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. 2005 జూలై 22న లండన్ స్టాక్‌వెల్ స్టేషన్‌లో, రైలు బోగీలో, జాన్ చార్లెస్ డి మెనేజిస్ అనే 27 ఏళ్ల బ్రెజిల్ ఎలక్ట్రీషియన్ తలలోకి పోలీసులు ఏడు తూటాలు దింపారు. ముందురోజు విఫలమైన బాంబు దాడుల అనుమానితుడనుకున్నారు. అతనికి ఆ దాడులతో ఏ సంబంధమూ లేదు. కాల్చిన దళంలోని అధికారులు తర్వాత ఒకచోట కూర్చుని తమ నోట్సు రాసుకున్నారు. అప్పటి పద్ధతి దాన్ని అడ్డుకోలేదు. ఏ ఒక్క అధికారి మీదా క్రిమినల్ కేసు పెట్టలేదు. 2007లో ఆరోగ్య, భద్రతా చట్టం కింద లండన్ మెట్రోపాలిటన్ పోలీసు శాఖకు (వాడుకలో ‘మెట్’) లక్షా 75 వేల పౌండ్ల జరిమానా పడింది, అంతే.

సిరీస్‌లోనూ అంతే. ఉగ్రవాద వ్యతిరేక దళం తప్పు ఫ్లాట్‌లోకి దూరి ఒక అమాయకుణ్ణి చంపుతుంది. అందరం ఒకే మాట మీద ఉందామంటాడు పై అధికారి ఫిలిప్ ఆస్‌బోర్న్. ఆర్నట్ ఒప్పుకోడు, అలాగే ఏసీ-12లోకి వచ్చి పడతాడు. ఆరో సిరీస్‌కు వచ్చేసరికి ఆస్‌బోర్న్ చీఫ్ కానిస్టేబుల్, అంటే దళం మొత్తానికి అధిపతి, అయి ఉంటాడు. తొమ్మిదేళ్ల కథలో నన్ను ఎక్కువ భయపెట్టింది ఈ ప్రమోషనే.

అసలు ‘పోలీసుల మీద పోలీసు’ అన్న ఆలోచన బ్రిటన్‌లో ఎప్పుడు మొదలైంది? 1877 నాటికే డిటెక్టివుల మీద పెద్ద విచారణ జరిగింది. గుర్రప్పందేల పేరుతో ఒక ఫ్రెంచ్ సంపన్నురాలిని ముంచిన మోసగాళ్ల దగ్గర స్కాట్లండ్ యార్డ్ ఇన్‌స్పెక్టర్లే లంచాలు తిని, అరెస్టు వారెంట్ల కబురు ముందుగా చేరవేశారు. ముగ్గురికి రెండేళ్ల కఠిన శిక్ష పడింది. దాని తర్వాత, 1878లో, పాత డిటెక్టివ్ శాఖను రద్దు చేసి సీఐడీని పెట్టారు. కుళ్లును కడగడానికి పుట్టిన ఆ సీఐడీయే తొంభై ఏళ్ల తర్వాత మళ్లీ బోనెక్కింది.

1969 నవంబర్ 29న ‘ది టైమ్స్’ పత్రిక మొదటి పేజీలో ఒక వార్త వేసింది. దక్షిణ లండన్‌లో డిటెక్టివులు చిన్నాచితకా నేరగాళ్లను కేసుల్లో ఇరికిస్తామని బెదిరించి డబ్బు గుంజుతున్నారని రాసింది. రాసి ఊరుకోలేదు, రహస్యంగా రికార్డు చేసిన టేపులు కూడా దగ్గర పెట్టుకుంది. ఆ టేపుల్లో జాన్ సైమండ్స్ అనే డిటెక్టివ్ సార్జెంట్ అన్న మాట ఇంగ్లిష్ నానుడిగా మిగిలిపోయింది: తాను ‘ఫర్మ్ లోపలి ఫర్మ్’లో ఉన్నానని, తనకు అన్నిచోట్లా మనుషులున్నారని. మన భాషలో చెప్పాలంటే దుకాణంలో దుకాణం. పైకి పోలీసు శాఖ, లోపల వేరే వ్యాపారం.

ఇక్కడే చరిత్ర ఏ స్క్రిప్టు రచయితా ధైర్యం చేయని మలుపు తిరిగింది. ఆ ఆరోపణల మీద మెట్ తరఫున దర్యాప్తు నడపమని బిల్ మూడీ అనే చీఫ్ సూపరింటెండెంట్‌కు అప్పగించారు. మూడీ అప్పటికి అశ్లీల సాహిత్యాన్ని అరికట్టే స్క్వాడ్‌కు అధిపతి. సోహోలోని అశ్లీల పుస్తకాల వ్యాపారుల దగ్గర నెలనెలా మామూళ్లు వసూలు చేసే యంత్రాంగాన్ని నడుపుతున్నది ఆయనే. అవినీతి దర్యాప్తు పగ్గాలు లండన్‌లోనే అతి పెద్ద అవినీతిపరుల్లో ఒకడి చేతిలో పడ్డాయి. బయటినుంచి పర్యవేక్షణకు ఫ్రాంక్ విలియమ్సన్ అనే ఇన్‌స్పెక్టర్ ఆఫ్ కాన్‌స్టాబ్యులరీని, అంటే పోలీసు దళాలను తనిఖీ చేసే ప్రభుత్వ అధికారిని, పంపారు. అడుగడుగునా అడ్డంకులే. ఆయన విసిగి వేసారి చివరికి ఉద్యోగమే వదిలేశాడు. 1972లో ఇద్దరు డిటెక్టివులకు శిక్ష పడింది. సైమండ్స్ విచారణకు ముందే దేశం దాటేశాడు.

‘లైన్ ఆఫ్ డ్యూటీ’ మూడో సిరీస్‌లో ముఠా మనిషి డాట్ కాటన్ ఏసీ-12లోనే ఉంటూ, తన కోసం సాగుతున్న వేటలో తానే పాల్గొంటూ, నేరాన్ని ఆర్నట్ మీదికి నెడతాడు. ఇది మరీ అతి అన్నవాళ్లకు నేను చెప్పేది మూడీ పేరే.

1972లో రాబర్ట్ మార్క్ మెట్ కమిషనర్ అయ్యాడు. లండన్‌లో పెరిగిన పోలీసు కాదు, లెస్టర్‌లో చీఫ్ కానిస్టేబుల్‌గా చేసి వచ్చినవాడు. సీఐడీ వాళ్లు ఆయన్ని బయటివాడిగానే చూశారు. ఆయన కూడా వాళ్లను వదల్లేదు. ఏ10 అనే కొత్త విభాగం పెట్టి పోలీసుల మీద ఫిర్యాదులన్నీ దానికి అప్పగించాడు. డిటెక్టివులను యూనిఫాం అధికారుల కిందికి తెచ్చాడు. ఆయన పదవీకాలంలో దాదాపు 500 మంది అధికారులు శాఖ వదిలి పోయారు. చాలామంది విచారణ దాకా రాకముందే రాజీనామాలు ఇచ్చి వెళ్లిపోయారు. దోపిడీ దొంగలను పట్టే ఫ్లయింగ్ స్క్వాడ్‌కు అధిపతి కెన్నెత్ డ్రూరీ, జిమ్మీ హంఫ్రీస్ అనే అశ్లీల వ్యాపారితో కలిసి సైప్రస్‌లో సెలవులు గడిపిన సంగతి పత్రికకెక్కింది. రైలు దోపిడీ దొంగ రోనీ బిగ్స్‌ను వెతకడానికి వెళ్లానని చెప్పుకున్నాడు. 1977లో డ్రూరీకి ఎనిమిదేళ్లు, మూడీకి పన్నెండేళ్లు శిక్ష పడింది.

ఏ10 పేరు చూస్తే ఏసీ-12 గుర్తుకు రాకమానదు. అయితే మార్క్ వెళ్లిపోయిన మరుసటి ఏడాదే, 1978లో, ‘ఆపరేషన్ కంట్రీమన్’ పెట్టాల్సి వచ్చింది. దోపిడీల్లో డిటెక్టివుల చెయ్యి ఉందన్న ఆరోపణల మీద డోర్సెట్ వంటి పల్లెపట్టు జిల్లాల పోలీసులను లండన్‌కు దింపారు. లండన్ పోలీసులు వాళ్లను మోటువాళ్లని ఎగతాళి చేశారు. సాక్షులు జంకారు, ఫైళ్లు కదల్లేదు. లక్షల పౌండ్లు ఖర్చయ్యాక చూస్తే మెట్ అధికారుల్లో ఒక్కరికీ శిక్ష పడలేదు.

ఇంతలో ఇంకో దారిలో ఇంకో మార్పు వచ్చింది. సిరీస్ చూసినవాళ్లకు ఏసీ-12 గాజు గది ఇంటర్వ్యూలు గుర్తుంటాయి. రికార్డింగ్ యంత్రం నొక్కగానే సాగే ఆ పొడవాటి బీప్, దాని తర్వాత ఇరవై నిమిషాలైనా కెమెరా గది దాటని మాటల యుద్ధం. ఆ బీప్‌కు వెనక మనుషుల జీవితాలున్నాయి. 1972లో మాక్స్‌వెల్ కాన్ఫెయిట్ హత్య కేసులో ముగ్గురు కుర్రాళ్లు పోలీసులు రాబట్టిన ఒప్పుకోళ్ల మీదే శిక్షపడి, మూడేళ్లకు నిర్దోషులుగా బయటికొచ్చారు. నోట్‌బుక్కులో డిటెక్టివ్ ఏం రాసుకుంటే అదే నిందితుడు చెప్పిన మాటగా చెల్లేది. ఆ కేసు తర్వాత రాయల్ కమిషన్ వేశారు, దాని సిఫార్సులతో 1984 నాటి పోలీసు, క్రిమినల్ సాక్ష్యాల చట్టం వచ్చింది, ఇంటర్వ్యూలను టేపు చేయడం దాని చలవే. టేపు లేని కాలంలో ‘ఒప్పుకున్న’ బర్మింగ్‌హామ్ ఆరుగురు (పబ్ బాంబు పేలుళ్ల కేసులో ఇరుక్కున్న నిర్దోషులు) 1974 నవంబర్ నుంచి 1991 మార్చి దాకా జైల్లో మగ్గారు. పోలీసుల నోట్సు కల్పించినవని శాస్త్రీయ పరీక్షలో తేలాకే బయటపడ్డారు. ఏసీ-12 గదిలో బీప్ వినగానే నాకు ఆ పదహారేళ్లు గుర్తొస్తాయి.

అవినీతి అంటే నోట్ల కట్టలే కానక్కర్లేదు. మొదటి సిరీస్‌లో టోనీ గేట్స్ ఒక్క నేరానికి నాలుగైదు అభియోగాలు పేర్చి, తన యూనిట్ లెక్కలు పెంచుకుని, ఉత్తమ అధికారి అనిపించుకుంటాడు. అది ప్రసారమైన ఏడాదికి మెట్ కానిస్టేబుల్ ఒకరు పార్లమెంటు కమిటీ ముందుకొచ్చి నేర గణాంకాలను ఎలా వండుతారో వివరించారు. 2014 జనవరిలో ఆ గణాంకాలకు ‘జాతీయ గణాంకాలు’ అన్న హోదా తీసేశారు. అదే ఏడాది పోలీసు దళాల తనిఖీ సంస్థ లెక్క చూస్తే, పోలీసుల దాకా వచ్చిన నేరాల్లో 19 శాతం నమోదే కాలేదు. ఏడాదికి 8 లక్షలకు పైగా.

పోలీసుల మీద ఫిర్యాదులు వినే సంస్థలకు పేర్లు మాత్రం మారుతూనే వచ్చాయి. 1977లో ఒకటి, 1985లో ఇంకొకటి, 2004లో ఐపీసీసీ, 2018లో ఐఓపీసీ. ప్రతిసారీ కొత్త పేరు వచ్చేది పాతదాని మీద జనానికి నమ్మకం పోయాకే.

ఆరో సిరీస్ కథకు మూలం లారెన్స్ క్రిస్టఫర్ అనే నల్లజాతి యువకుడి మరణం. ఆ పేరులో రెండు నిజమైన మరణాలున్నాయి. 1993లో ఎల్తమ్ బస్టాపు దగ్గర జాతి విద్వేషంతో చంపిన 18 ఏళ్ల స్టీఫెన్ లారెన్స్ ఒకరు. ఇద్దరు హంతకులకు శిక్ష పడటానికి 2012 జనవరి దాకా ఆగాల్సి వచ్చింది. 1998లో హల్ నగరంలో పోలీసు స్టేషన్ నేల మీద పడి చనిపోయిన మాజీ సైనికుడు క్రిస్టఫర్ ఆల్డర్ రెండోవారు. ఆయన ఊపిరాడక కొట్టుకుంటుంటే చుట్టూ నిలబడి కబుర్లు చెప్పుకుంటున్న అధికారులు సీసీటీవీలో కనిపించారు.

ఇక్కడ చెప్పాల్సిన మూడో పేరు డేనియల్ మోర్గన్. 1987 మార్చి 10న దక్షిణ లండన్ సిడెన్‌హామ్‌లో గోల్డెన్ లయన్ పబ్ కారు పార్కింగ్‌లో ఈ ప్రైవేటు డిటెక్టివ్‌ను గొడ్డలితో నరికి చంపారు. హత్యాస్థలాన్ని సోదా చేయలేదు, కాపలా కూడా పెట్టలేదు. తొలి దర్యాప్తులో ఉన్న డిటెక్టివ్ సార్జెంట్ ఒకరు డేనియల్ వ్యాపార భాగస్వామికి స్నేహితుడు. తర్వాత పోలీసు ఉద్యోగం వదిలి, అదే సంస్థలో డేనియల్ ఖాళీ చేసిన చోట చేరాడు. వరుసగా దర్యాప్తులు జరిగాయి. 2011లో కోర్టు దాకా వచ్చిన కేసు అక్కడే కూలింది. అన్న అలస్టర్ మోర్గన్ మాత్రం వదల్లేదు. ఆయన పోరాటం వల్లే 2013లో ప్రభుత్వం స్వతంత్ర ప్యానెల్ వేసింది.

బారోనెస్ నువాలా ఓలోన్ నాయకత్వంలోని ఆ ప్యానెల్ నివేదిక 2021 జూన్ 15న వెలువడింది. బకెల్స్ ముఖం చూసి దేశం నిట్టూర్చి అప్పటికి ఆరు వారాలే. నివేదికలో చీకటి సామ్రాజ్యాన్ని నడిపే మహానేత ఎవరూ లేడు. సంస్థ పరువు కాపాడుకోవడానికి తప్పుల్ని దాచడం, ఒప్పుకోకపోవడం కూడా అవినీతేనని, మెట్‌లో ఆ సంస్థాగత అవినీతి ఉందని రాశారు. కమిషనర్ క్రెసిడా డిక్ ఆ మాటను ఒప్పుకోలేదు. 2022లో తనిఖీ సంస్థ కూడా మెట్ సంస్థాగతంగా అవినీతిమయమని చెప్పడానికి ఆధారం దొరకలేదంది. అయితే అవినీతిని ఎదుర్కొనే తీరు మూలంలోనే లోపభూయిష్ఠమని, శాఖ వదిలి పోయినవాళ్ల గుర్తింపు కార్డులు 2,000కు పైగా ఎక్కడున్నాయో లెక్క లేదని అదే నివేదిక చెప్పింది.

2023 మేలో మెట్ మరో విషయం బయటపెట్టింది. ప్యానెల్‌కు ఇవ్వాల్సిన మోర్గన్ కేసు పత్రాలు కొన్ని న్యూ స్కాట్లండ్ యార్డ్‌లో తాళం వేసిన బీరువాలో దొరికాయట. రెండు నెలల తర్వాత, జూలైలో, కుటుంబానికి క్షమాపణ చెప్పి, బాధ్యత ఒప్పుకుని పరిహారానికి అంగీకరించింది. డేనియల్ మోర్గన్‌ను చంపినందుకు ఇప్పటిదాకా ఎవరికీ శిక్ష పడలేదు.